ముట్టుకోని తుపాకి మీద ఒక మెషిన్ షాప్ వాడి రివ్యూ: టిక్కా టీ3ఎక్స్ లైట్

ముందే చెప్పేస్తే గొడవ ఉండదు. ఈ రైఫిల్‌ని నేను ఒక్కసారి కూడా చేత్తో పట్టుకోలేదు. రెండడుగుల దూరంలో నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని చూశాను. అయినా రాస్తున్నానంటే కారణం ఉంది. షిప్‌యార్డ్ మెషిన్ షాప్‌లో ముప్పై నాలుగేళ్ళు లేతు దగ్గర, గ్రైండింగ్ దగ్గర నిలబడ్డవాణ్ణి. ఉక్కుని ఎక్కడ శ్రద్ధగా కోశారో, ఎక్కడ తొందరపడ్డారో చూస్తే తెలుస్తుంది. ఇంకోటి, దీన్ని కొన్నది నా కొడుకు. డబ్బు వాడిదే గానీ బేరం నాది.

మాది విశాఖలో మల్కాపురం. 2022 సెప్టెంబరులో నేనూ మా ఆవిడా అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో ఉన్న మా చిన్నోడి దగ్గరికి ఆరు నెలలకని వెళ్ళాం. వాడికి అక్కడి పౌరసత్వం వచ్చి రెండేళ్ళయింది. ఆఫీసులో వాడికో స్నేహితుడున్నాడు, ఆ కొండల్లోనే పుట్టి పెరిగినవాడు. అతని వెంట తిరిగి తిరిగి మావాడికీ ఎల్క్ వేట పిచ్చి పట్టింది. ఎల్క్ అంటే మన కణుజుకి పెద్దన్నలాంటిది, మగది మూడు వందల కిలోలు తూగుతుంది. అక్టోబరు రైఫిల్ సీజన్‌కి ఆడ ఎల్క్ టాగ్ (ఒక జంతువుని వేటాడే అనుమతి చీటీ) దొరికింది గానీ తుపాకి ఇంకా కొనలేదు. "నువ్వొస్తున్నావని ఆగాను నాన్నా. నీ కన్ను పడ్డాకే కొంటాను" అన్నాడు. మా ఆవిడ "కోడిని కొయ్యమంటే పెరట్లోంచి పారిపోయేవాడు, వీడికి వేటేటి" అని ఆ పూటంతా నవ్వింది.

ముట్టుకోకపోవడానికి కారణం చట్టం. విజిటర్ వీసా మీద వచ్చినవాడి దగ్గర, అక్కడి హంటింగ్ లైసెన్స్ లేకుండా, తుపాకి ఉంటే ఫెడరల్ నేరం. ఆ లైసెన్స్ కావాలంటే కొలరాడోలో హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాసవ్వాలి. 1949కి ముందు పుట్టినవాళ్ళకి మాత్రం కోర్సు అక్కర్లేదు. నేను పుట్టింది 1957. ఎనిమిదేళ్ళు ఆలస్యం చేశాను. షాపులో ఒక్క క్షణం పట్టుకుని చూస్తే ఎవరూ ఏమీ అనరేమో గానీ మావాడు ఒప్పుకోలేదు. "చేతులు జేబులో పెట్టుకో, దేన్నీ ముట్టుకోకు" అన్నాడు. వాడికి ఆరేళ్ళప్పుడు నేను పనిచేసే చోటికి తీసుకెళ్ళి, లేతుల మధ్య నిలబెట్టి అన్న మాట అది.

తేలిక తుపాకే ఎందుకు అని అడిగాను. వాళ్ళు వేటాడే చోటు తొమ్మిది, పది వేల అడుగుల ఎత్తు. మన అరకు మూడు వేలు. అక్కడ ఊపిరి సగమే అందుతున్నట్టుంటుంది. రోజుకి పది పన్నెండు కిలోమీటర్లు ఎక్కి దిగాలి. కాల్చేది ఒక్క క్షణం, మోసేది ఐదు రోజులు. ఈ లెక్క నాకు వెంటనే తలకెక్కింది. ఏటా సింహాచలం గిరి ప్రదక్షిణ చేసేవాణ్ణి, 32 కిలోమీటర్లు. మొదట్లో, కొండ కింద తొలి పావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టేటప్పుడు అర లీటరు నీళ్ళ సీసా ఉందో లేదో తెలియదు. దారిలో హనుమంతవాక దాటేసరికి అదే బండరాయవుతుంది.

అయితే ఉక్కు తగ్గించి బరువు తగ్గించడం తేలికైన పని కాదు. అది మెషిన్ షాప్ వాడికి చెప్పక్కర్లేదు. ఎక్కడ తగ్గించాడు, దాని బదులు ఏం వదులుకున్నాడు, అందుకు మన దగ్గర ఎంత పుచ్చుకుంటున్నాడు: నేను చూసినవి ఈ మూడే.

మొదట వెళ్ళిన షాపులో కౌంటర్ దగ్గరి మనిషి మహా మర్యాదస్తుడు. ఎల్క్ అనగానే .300 విన్‌చెస్టర్ మాగ్నం అనే పెద్ద తూటా కాల్చే తుపాకి తీశాడు. "పెద్ద జంతువు, పెద్ద తూటా" అన్నాడు. సరే, తుపాకి ఎంత బరువు? తేలికైనదే, కొండలకి తగ్గది. పెద్ద తూటా, తేలిక తుపాకి. ఈ రెండూ ఒకే వాక్యంలో వినేసరికి నాకు మా అమ్మమ్మ గారి ఊరి మునసబు గారి .315 రైఫిల్ గుర్తొచ్చింది. ఇషాపూర్ ఫ్యాక్టరీది, బోల్ట్ (తూటాని లోపలికి తోసి వెనక తలుపులా మూసే కడ్డీ) తిప్పి కాల్చేదే. నర్సీపట్నం దగ్గరి ఆ ఊళ్ళో, మునసబు గారి ఇంటి గోడకి వేలాడేది. పదేళ్ళవాణ్ణి ఎత్తబోతే నా వల్ల కాలేదు. మునసబు గారు "బరువుంటేనే రా అది నీ మాట వింటుంది" అన్నారు. అప్పుడు అర్థం కాలేదు.

లెక్క ఇది. తూటా ముందుకి పోతే తుపాకి వెనక్కి తంతుంది. తూటా, మందు అవే అయితే ఆ తన్నులో ఉండే శక్తి తుపాకి బరువుకి తలకిందులుగా నడుస్తుంది. బరువు పావు వంతు తగ్గించండి, తన్ను మూడో వంతు పెరుగుతుంది. 150 గ్రెయిన్ల (పది గ్రాముల లోపు) .308 కొలత తూటాని, స్కోప్‌తో (గురి చూసే దుర్భిణి) కలిపి ఏడున్నర పౌండ్ల (పౌండంటే అర కిలోకి కొంచెం తక్కువ) తుపాకిలోంచి కాలిస్తే భుజానికి తగిలే శక్తి దాదాపు పదిహేడు ఫుట్ పౌండ్లు. అదే తూటాకి ఐదూ ముప్పావు పౌండ్ల తుపాకి అయితే ఇరవై రెండు. మాగ్నం సంగతి ఇక చెప్పను. కాగితం మీద ఇది ఐదు ఫుట్ పౌండ్ల తేడా. భుజం మీద ఎంతో రేంజిలో (తుపాకి కాల్చి చూసుకునే మైదానం) చూశాం. స్నేహితుడి దగ్గర ఐదు పౌండ్ల లోపు తుపాకి ఒకటుంటే మావాడు అడిగి కాల్చాడు. మొదటిది బాగా పడింది. రెండోది పక్కకి. మూడోదానికి ట్రిగ్గర్ నొక్కకముందే కన్ను మూసేశాడు, నేను పక్కనుంచి చూశాను. ఆ తర్వాత ఎంత ఖరీదు తుపాకి అయితే ఏం? మర్నాడు పొద్దున్న వాడి భుజం మీద నేరేడుపండు రంగు చూసి మా ఆవిడ కొబ్బరినూనె కాచింది.

పోటీలో నాలుగు నిలబడ్డాయి. రూగర్ అమెరికన్ అప్పట్లో అన్నిటిలోకీ చవక, ఐదు వందల డాలర్ల చుట్టుపక్కల. ఆ ధరకి అంత పని చేసి ఇవ్వడం చిన్న విషయం కాదు. విన్‌చెస్టర్ మోడల్ 70 ఫెదర్‌వెయిట్ చూస్తే కొనబుద్ధవుతుంది. వాల్‌నట్ చెక్కతో కట్టె (పట్టుకుని భుజానికి ఆనించే భాగం), తూటా అంచుని గోరులా పట్టి లాగే పాత మౌజర్ (జర్మన్ రైఫిల్) పద్ధతి ఎక్స్‌ట్రాక్టర్. కానీ పేరులో ఈక ఉన్నా బరువు మూడు కిలోల పైమాటే, పైగా మావాడికి ఆ కట్టె మీద గీత పడుతుందన్న బెంగ అప్పుడే మొదలైంది. మూడోది కింబర్ మౌంటెన్ అసెంట్, ఐదు పౌండ్ల లోపు. దాన్ని చూసి ఐదు నిమిషాలు కదల్లేదు నేను. బ్యారెల్ మీద గాళ్ళు, బోల్ట్ మీద గాళ్ళు, చివరికి బోల్ట్ పిడి కూడా లోపల బోలు. ఎక్కడ గ్రాము దొరికితే అక్కడ తవ్వారు. ఆ పని చేసినవాళ్ళకి దండం పెట్టాలి. అప్పటి ధర రెండు వేల డాలర్ల పైచిలుకు.

నాలుగోది టిక్కా టీ3ఎక్స్ లైట్. ఫిన్‌లాండ్‌లో రీహిమాకి అనే ఊళ్ళో సాకో వాళ్ళు చేస్తారు. .308లో రైఫిల్ ఒక్కటే 2.9 కిలోలు. అప్పట్లో ఏడెనిమిది వందల డాలర్లు.

హోటల్ బిల్లు వెనక లెక్క వేశాను. కింబర్‌కీ టిక్కాకీ బరువు తేడా దాదాపు ఏడు వందల గ్రాములు. ధర తేడా పన్నెండు వందల యాభై డాలర్లు అనుకుంటే, ఆనాటి రేటులో లక్ష రూపాయలు. అంటే తీసేసిన ఒక్కో గ్రాముకి నూట నలభై రూపాయల పైన. అప్పుడు వెండి గ్రాము అరవై రూపాయలు అటూ ఇటూ. ఉక్కు లేకపోవడానికి వెండి ఖరీదుకి రెండింతలు ఇస్తున్నామన్నమాట. ఇది విని మావాడు నవ్వాడు గానీ ఆ కాగితం మడిచి పర్సులో పెట్టుకున్నాడు.

లక్ష రూపాయల తేడాకి ఆ రోజుల్లో ఆరు వందల తూటాలు వచ్చేవి, ఒక్కోటి రెండు డాలర్లు వేసుకున్నా. మావాడు అప్పటిదాకా కాల్చిన తూటాలన్నీ కలిపి నలభై దాటవు. వాడికి లోటున్నది బరువులో కాదు, అభ్యాసంలో. పొట్ట మీద ఉన్న ఆరు కిలోల గురించి నేనేమీ అనలేదు. వాళ్ళమ్మ అంది.

ఇక టిక్కా. బోల్ట్ గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే నా మనసు పడ్డది అక్కడే. మావాడు పిడి ఎత్తి వెనక్కి లాగాడు. చప్పుడు విన్నాను. గ్రైండింగ్ చేసిన షాఫ్ట్ సరైన ఫిట్‌లో బుష్ లోకి జారితే ఒక నిండు చప్పుడు వస్తుంది, గలగల ఉండదు. అదే. రైఫిల్ ముక్కు పైకెత్తితే బోల్ట్ తన బరువుకి తనే వెనక్కి జారింది. పిడి ఎత్తడానికి 70 డిగ్రీలు తిప్పితే చాలు. పాత మౌజర్ పద్ధతికి 90 కావాలి. తక్కువ తిప్పడం వల్ల స్కోప్‌కి వేళ్ళు తగలవు, భుజం మీదనుంచి దించకుండానే రెండో తూటా ఎక్కించవచ్చు. తక్కువ తిప్పులో స్ప్రింగ్ బిగించాలి కాబట్టి ఎత్తేటప్పుడు కొంచెం గట్టిగా ఉంటుంది. ఊరికే ఏదీ రాదు.

బ్యారెల్ కోల్డ్ హామర్ ఫోర్జింగ్. లోపల మెలికల గాళ్ళకి ఎదురచ్చుగా చెక్కిన గట్టి కడ్డీ (మాండ్రెల్) పెట్టి, చల్లటి ఉక్కుని బయటినుంచి సుత్తులతో కొడతారు, గాళ్ళు లోపల అచ్చు పడతాయి. వంద గజాల దగ్గర మూడు తూటాలు ఒక అంగుళంలో పడతాయని కంపెనీ హామీ. మావాడి చేతిలో మూడింటి గుర్తులూ రూపాయి బిళ్ళ కింద దాగాయి. వాడి చేతిలోనే! నాలుగు, ఐదు కాల్చేసరికి గుంపు విడింది. సన్నటి బ్యారెల్ తొందరగా వేడెక్కుతుంది, అది ఏ తేలిక రైఫిల్‌కైనా ఉండేదే. మూడు కాల్చి పది నిమిషాలు ఆగితే మళ్ళీ మామూలే. ఎల్క్ ఎలాగూ ఐదో తూటా దాకా నిలబడదు.

బ్యారెల్ కట్టెకి ఎక్కడైనా ఆనుతోందేమో చూడాలంటే మధ్యలోంచి కాగితం దూర్చి లాగాలి. స్నేహితుడు డాలర్ నోటు తీయబోయాడు. నేను నా పర్సులోంచి పది రూపాయల నోటు తీసి ఇచ్చాను. నోటు ముట్టుకుంటే నేరం కాదు కదా. గాంధీగారు ఎక్కడా ఆగకుండా చివరిదాకా వెళ్ళారు.

నచ్చనివీ ఉన్నాయి. ట్రిగ్గర్ గార్డు ప్లాస్టిక్, మ్యాగజైన్ (తూటాల డబ్బా) ప్లాస్టిక్, పట్టేది మూడు తూటాలే, పైగా విడిగా కొనబోతే దాని ధర చూసి కళ్ళు తిరుగుతాయి. చిన్న తూటాకీ పెద్ద తూటాకీ బాడీ పొడవు ఒకటే. వాళ్ళకి ఫ్యాక్టరీలో ఖర్చు తగ్గుతుంది, మనం .308కి అక్కర్లేని ఉక్కు కొంచెం మోస్తాం. కట్టె పాలిమర్, వేలితో తడితే బోలుగా మోగేదని పాత టీ3కి పేరుండేది. 2016లో టీ3ఎక్స్ తెచ్చినప్పుడు లోపల ఫోమ్ పెట్టారు, వెనక రబ్బరు మెత్త మార్చారు, అల్యూమినియంతో ఉన్న రికాయిల్ లగ్‌ని ఉక్కుతో చేశారు. ఆ చివరి మార్పు చదివి తల ఊపాను. ప్రతి తన్నూ భరించేది ఆ చిన్న ముక్కే, అక్కడ మెత్తటి లోహం పెట్టడం ఏమిటి?

తుపాకి ఏ తూటాకి కొనాలి, .308కా, దానికన్నా సన్నటి 6.5 క్రీడ్‌మూర్‌కా అని మావాడూ స్నేహితుడూ రెండు రాత్రులు వాదించుకున్నారు. 6.5కి తన్ను తక్కువ, దూరానికి మంచిది. ఎల్క్‌కి కొలరాడో నిబంధన ప్రకారం తూటాకి ఉండాల్సిన కనీసం .24 కాలిబర్ (తూటా వ్యాసం, అంగుళాల్లో), 85 గ్రెయిన్లు, వంద గజాల దగ్గర వెయ్యి ఫుట్ పౌండ్లు. రెండూ దాన్ని సులువుగా దాటతాయి. నేను ఒకటే అన్నాను, షాపు అరలో ఏది దొరుకుతోందో చూసి రండ్రా అని. కరోనా తర్వాత ఆ రోజుల్లో అక్కడ తూటాలకి కటకటగా ఉండేది. .308 దొరికింది. వాదన అయిపోయింది.

కొనే రోజు ఫారం 4473 (తుపాకి కొనేవాళ్ళు నింపే ప్రభుత్వ ఫారం) నింపాడు, పోలీసు రికార్డు చెక్ అయ్యేదాకా పక్క వరసలో టెంట్లు చూస్తూ కూర్చున్నాం, అప్పట్లో అంతే. మన దగ్గర లైసెన్స్ కోసం తిరిగినవాళ్ళకి ఇది చదివితే కడుపు మండుతుంది.

స్కోప్ ఒక్కటే తలనొప్పి. ఇంకో షాపులో మూడు-తొమ్మిది జూమ్ ఉన్న మామూలు స్కోప్ కొంటే వాళ్ళే ఉచితంగా బిగించి ఇచ్చారు. రేంజిలో మొదటి రోజు తూటాలు వాటి ఇష్టం వచ్చినట్టు పడ్డాయి. పైకి రెండంగుళాలు, తర్వాత ఎడమకి మూడు. మావాడి ముఖం వాడిపోయింది, తుపాకే చెడ్డదన్నాడు. స్నేహితుడు తూటా మార్చమన్నాడు. నాకు మాత్రం లేతు మీద జాబ్ (చెక్కుతున్న ముక్క) ఊగినప్పటి జ్ఞాపకం. జాబ్ ఊగితే ముందు టూల్‌ని తిట్టకూడదు, బిగింపు చూడాలి. "ఒరేయ్, స్కోప్‌ని పట్టే ఆ రింగుల స్క్రూలు చూడు" అన్నాను. రెండు వేలితో తిరిగాయి.

ఆ సాయంత్రం గరాజ్‌లో పనంతా నా నోటితో, వాడి చేత్తో. స్క్రూలు తీయించి స్పిరిట్‌తో నూనె తుడిపించాను. స్క్రూ వదులవకుండా పట్టే నీలం రంగు థ్రెడ్‌లాకర్ ఒక్క చుక్క. బిగింపు కొలిచే టార్క్ డ్రైవర్ పెట్టి పదిహేను ఇంచ్ పౌండ్లు, ఒకటి బిగించి దాని ఎదురుమూలది, కారు చక్రం నట్లలాగే. నా చేతులు వెనకాల ఒకదాన్నొకటి పట్టుకుని నలిగిపోయాయి. అప్రెంటిస్‌లకి నేర్పేటప్పుడు కూడా అంత ఓపిక పట్టలేదు. మర్నాటినుంచే ఆ రూపాయి బిళ్ళ గుంపులు.

స్కోప్, రింగులు, భుజాన వేసుకునే బెల్టు, మూడు తూటాలతో కలిపి మా ఆవిడ పిండి తూచే కాటాకి అందలేదు. వాడు బాత్రూం కాటా మీద తుపాకితో ఒకసారి, లేకుండా ఒకసారి నిలబడ్డాడు. తేడా మూడున్నర కిలోలు.

వేటకి నేనూ వెళ్ళాను, టెంటు దాకా. ఐదు వందల చదరపు అంగుళాల మెరిసే రంగు ఒంటి మీద ఉండాలి, నారింజ గానీ గులాబీ గానీ. మా ఆవిడ గులాబీ కొనిపించింది. మూడో రోజు తెల్లవారుతుండగా ఒక్క తూటా చప్పుడు వినిపించింది. రెండోది వినిపించలేదు. దూరం నూట ఎనభై గజాలట. వాడు తిరిగొచ్చి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, టీ ఇస్తే తాగాడు. ఎముకలు తీస్తే డెబ్బై కిలోల పైన మాంసం. దాన్ని కొండమీదే వదిలేస్తే నేరం, దించి తీరాలి. ఇద్దరూ కలిసి రెండు రోజులు మోశారు. చివరి విడత దించాక "తుపాకి బరువేమైనా తెలిసిందా" అని అడిగాను. "ఏ తుపాకి" అన్నాడు.

మాంసంలో కొవ్వు అస్సలు లేదు. మా ఆవిడ గసగసాలు, కొబ్బరి నూరి వండింది గానీ "ఇదేటి, గరిటెడు నూనె పోసినా ఆనవాలు లేదు" అని సణిగింది.

ఇది చదివి విశాఖలో ఎవరైనా ఫోన్ తీసేలోపు ఒక మాట. మన దేశంలో వేట 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద నిషేధం. కంబాలకొండలో జింకని చూసి రండి, అంతవరకే. 7.62, .303 లాంటి సైన్యం కొలతలు మామూలు లైసెన్స్‌కి దొరకవు కూడా. అమెరికాలో పిల్లలున్నవాళ్ళకి, వేటకెళ్తామని వాళ్ళు అడిగితే ఏం చెప్పాలో తెలియనివాళ్ళకి రాస్తున్నాను. ఏడాదికి వారం రోజులు తిరిగేవాడైతే ఆరున్నర పౌండ్ల దగ్గర ఆగమనండి. మిగిలిన డబ్బుతో తూటాలు కాల్చమనండి. ఏడాదంతా కొండల్లోనే బతికేవాడు, భుజం అలవాటున్నవాడు ఐదు పౌండ్లది కొనుక్కుంటే నేను కాదనను. అతనికి ఆ వెండి లెక్క వేరు.

తిరిగొచ్చాక కూడా ఆ ఏడు వందల గ్రాములు నన్ను వదల్లేదు. ముట్టుకోకుండా తీర్పు చెప్పానన్న గుచ్చు ఒకటుంది. 2023లో గిరి ప్రదక్షిణకి రెండు ఒకేలాంటి గుడ్డ సంచులు కుట్టించాను. ఒకదాంట్లో మూడున్నర కిలోల బియ్యం, రెండోదాంట్లో రెండు కిలోల ఎనిమిది వందలు. మా ఆవిడ తూచి మూతి కట్టింది, ఏది ఏదో మాకు చెప్పలేదు. నేనొకటి, మా బావమరిది ఒకటి భుజాన వేసుకున్నాం, గంటకోసారి మార్చుకోవాలని ఒప్పందం.

ముడసర్లోవ దగ్గర ఏది బరువని పందెం వేస్తే ఇద్దరం తప్పు చెప్పాం. హనుమంతవాక దగ్గరా తప్పే. సీతమ్మధార వచ్చాకే ఇద్దరం ఒకే సంచి చూపించాం, అది నిజంగానే బరువుది. కానీ అప్పటికి నా భుజం కోస్తున్నది బరువు కాదు, పట్టీ. సన్నటి పట్టీ కుట్టించాను, బుద్ధిలేక. మాధవధార దగ్గర కండువా మడిచి దాని కింద పెట్టాక మళ్ళీ తేడా తెలియకుండా పోయింది. ఆ రాత్రే చిన్నోడికి మెసేజ్ పెట్టాను, వెడల్పు బెల్టు కొను, దానికి వెనకాడకు అని.

గోపాలపట్నంలో భక్తులకి వంట చేస్తున్నవాళ్ళు కనిపిస్తే ఆరు కిలోల మూడు వందల గ్రాముల బియ్యం వాళ్ళ గంగాళం పక్కన పెట్టేశాం. బావమరిది భుజం రుద్దుకుంటూ "వచ్చే ఏడు ఏ తుపాకి మోయిస్తావు బావా" అన్నాడు.